క్రీట్‌కి రాత్రి ఓడా, ఫ్లైటా, శాంటోరిని నుంచి స్పీడ్ ఫెర్రీనా? ముందు ఏ రేవులో దిగాలో తేల్చుకోండి

"క్రీట్ వెళ్తున్నాం, ఫెర్రీ మంచిదా ఫ్లైట్ మంచిదా?" అని అడిగేవాళ్లకి నేను ముందు ఎదురు ప్రశ్న వేస్తాను: క్రీట్‌లో ఏ వైపు ఉంటారు? చాలామంది దగ్గర దీనికి జవాబు ఉండదు. గ్రీసు ద్వీపమే కదా, ఎక్కడ దిగినా ఆటో ఎక్కితే హోటల్ వచ్చేస్తుంది అనుకుంటారు. నేనూ మొదటిసారి అలాగే అనుకున్నాను, అందుకే చెబుతున్నా. క్రీట్ ఈ చివర నుంచి ఆ చివరకి దాదాపు 260 కిలోమీటర్లు, అంటే ఇంచుమించు హైదరాబాద్ నుంచి విజయవాడ అంత. వెడల్పు మాత్రం సన్నగా ఉన్నచోట 12 కిలోమీటర్లే, కానీ మధ్యలో కొండలు నిలబడి ఉంటాయి కాబట్టి ఆ సన్నదనం మనకి పెద్దగా ఉపయోగపడదు. చెప్పుకోదగ్గ పెద్ద రోడ్డు ఉత్తర తీరం వెంబడి వెళ్లేది ఒక్కటే, ఊళ్లన్నీ దాని మీద పూసల్లా గుచ్చినట్టు ఉంటాయి. పడమర పక్క హానియా, నడిమధ్య హెరాక్లియన్, ఈ రెండింటి మధ్య 140 కిలోమీటర్లు, బస్సులో మూడు గంటలకి కాస్త తక్కువ.

ఏథెన్స్ పక్కనున్న పిరేయస్ రేవు నుంచి ఏడాది పొడవునా రోజూ రాత్రి హెరాక్లియన్‌కి ఓడ ఉంటుంది, హానియాకీ ఉంటుంది. రాత్రి తొమ్మిది పది మధ్య బయల్దేరి తెల్లారి ఆరు ప్రాంతంలో చేరతాయి, సుమారు తొమ్మిది గంటలు. రెండింటికీ టైమూ ధరా దాదాపు ఒకటే, అందుకే జనం టికెట్ సైటులో ఏది రెండు యూరోలు తక్కువ చూపిస్తే అది నొక్కేస్తారు. నేనూ నొక్కాను. ఐదు రాత్రులు హానియాలో గది తీసుకుని, హెరాక్లియన్‌కి రానూ పోనూ టికెట్ కొన్నాను! పొద్దున్న నిద్రమొహంతో మూడు గంటల బస్సు, తిరుగు ప్రయాణం రోజు మళ్లీ అదే మూడు గంటలు. రెండు పూటలు కిటికీలోంచి ఆలివ్ తోటలు చూడటానికే సరిపోయాయి.

కాబట్టి లెక్క ఇది. సమరియా లోయలో 16 కిలోమీటర్లు నడవాలన్నా, బాలోస్, ఎలఫోనిసి బీచ్‌లు చూడాలన్నా, వెనీషియన్ల కాలం నాటి పాత రేవు పక్కన సాయంత్రాలు గడపాలన్నా హానియా ఓడ. నోసోస్ శిథిలాలు, క్రీట్‌లో వేల ఏళ్ల కిందట వెలసిన మినోవన్ల నాటి వస్తువులున్న పెద్ద మ్యూజియం, అటు తూర్పున ఆగియోస్ నికోలాస్, స్పినలోంగా కోట, వాయి దగ్గర ఈత చెట్ల బీచ్ కావాలంటే హెరాక్లియన్. రెథిమ్నోలో ఉండేవాళ్లు ఏదైనా ఎక్కొచ్చు, రెండు రేవుల మధ్యలో ఉంది, హానియాకి కొంచెం దగ్గర. ఆరేడు రోజులుండి రెండు వైపులా చూద్దామనుకుంటే ఒక రేవులో దిగి ఇంకో రేవు నుంచి వెనక్కి రండి. రెండోసారి మేం అదే చేశాం, హానియాలో దిగి హెరాక్లియన్‌లో ఎక్కాం, వెళ్లిన దారిలో మళ్లీ వెనక్కి రావాల్సిన పనే పడలేదు. రిటర్న్ టికెట్ మీద వచ్చే డిస్కౌంట్ కోసం ఈ సుఖం వదులుకోకండి.

ఇక ఓడా, విమానమా. ఏథెన్స్ నుంచి హెరాక్లియన్‌కి గానీ హానియాకి గానీ విమానం గాల్లో ఉండేది యాభై నిమిషాలే, చూడగానే ఫ్లైటే గెలిచినట్టు అనిపిస్తుంది. హైదరాబాద్ నుంచి దుబాయ్ మీదుగానో దోహా మీదుగానో వచ్చి మధ్యాహ్నం ఏథెన్స్‌లో దిగి, అలసిపోయి, నేరుగా క్రీట్ వెళ్లి పడుకుందాం అనుకునేవాళ్లకి నిజంగానే ఫ్లైటే గెలిచినట్టు, అదే ఎయిర్‌పోర్టులో ఇంకో విమానం ఎక్కేస్తే అయిపోతుంది. వాళ్లకి నేను ఓడ అస్సలు చెప్పను. కానీ రెండు రోజులు ఏథెన్స్ చూసి అక్కణ్ణించి క్రీట్ వెళ్లేవాళ్ల సంగతి వేరు. ఊళ్లోంచి ఎయిర్‌పోర్టుకి గంట, అక్కడ గంటన్నర, దిగాక సామాను కోసం ఎదురుచూపు, మళ్లీ హోటల్‌కి, మొత్తం కలిపితే పగటిపూట ఐదు గంటలు పోయినట్టే. ఓడ అయితే ఆ రోజంతా ఏథెన్స్‌లో తిరిగి, సాయంత్రం ఎక్కి, పడుకుని లేస్తే క్రీట్. ఒక రాత్రి హోటల్ ఖర్చు కూడా మిగులుతుంది. చెక్-ఇన్ సామాను రుసుము తలనొప్పి లేదు, ఊరగాయ సీసా ఉందా అని ఎవరూ బ్యాగు తెరిపించరు.

మధ్యలో ఇరుక్కునేది సాయంత్రం ఏథెన్స్‌లో దిగేవాళ్లు. నా సొంత గీత ఏంటంటే, విమానం సాయంత్రం ఐదులోపు దిగేట్టయితే ఆ రాత్రి ఓడ పెట్టుకోవచ్చు. ఆరున్నరకో ఏడుకో దిగేట్టయితే వద్దు, పాస్‌పోర్ట్ క్యూ ఒక్కటి సాగిందంటే చాలు, మీ ఓడ మీరు లేకుండానే వెళ్లిపోతుంది. ఎయిర్‌పోర్టు నుంచి పిరేయస్‌కి ఇప్పుడు మెట్రో మూడో లైన్ నేరుగా వెళ్తుంది, 2022 అక్టోబర్‌లో అక్కడిదాకా పొడిగించారు, గంట ప్రయాణం. అర్ధరాత్రి అపరాత్రి అయితే ఎక్స్96 బస్సు ఇరవై నాలుగు గంటలూ తిరుగుతుంది, ట్రాఫిక్‌ని బట్టి గంటన్నర వేసుకోండి.

పిరేయస్‌లో జాగ్రత్త పడాల్సింది గేటు సంగతి. అది మన ఊరి బస్టాండ్ కాదు, రేవు చుట్టూ గేట్లు ఈ1, ఈ2, ఈ3 అని అంకెలతో బారుగా ఉంటాయి. క్రీట్ ఓడలు మామూలుగా ఈ2, ఈ3 వైపు ఉంటాయి. మెట్రో దిగి రోడ్డు దాటగానే ఎదురుగా కనబడే తళతళలాడే ఓడలు మీవి కావు, అవి వేరే ద్వీపాలకి వెళ్తాయి. నేను అమ్మానాన్నల్ని వెంటబెట్టుకుని, రెండు పెట్టెలు లాక్కుంటూ, ఆ మెరుపు చూసి కుడి ఎడమ తేడా తెలియకుండా ఎదురు దిక్కున పదిహేను నిమిషాలు నడిపించాను. ఓడ పేరు చదివి "ఇది కాదు నాన్నా" అనగానే ఆయన పెట్టె అక్కడే నిలబెట్టి దాని మీద కూర్చున్నారు, ఇంక లేవలేదు. చివరికి టాక్సీ పట్టుకున్నాం. తర్వాత తెలిసింది, రేవు లోపల ఆ చివరి గేట్లకి ఉచిత బస్సు తిరుగుతుందని. టికెట్ మీద గేటు నంబర్ ఉంటుంది, బయల్దేరే రోజు ఇంకోసారి చూసుకోండి, అప్పుడప్పుడు మారుస్తారు. మనుషులు గంట ముందు, కారుతో వెళ్లేవాళ్లు ఇంకా ముందే అక్కడుంటే మంచిది.

ఓడలో ఏ టికెట్ కొనాలనేదాని మీదే ఎక్కువ తికమకపడతారు, మన రైలు భాషలో చెబితే సులువు. డెక్ టికెట్ అంటే జనరల్ బోగీ, సీటు నంబర్ ఉండదు, లాంజ్‌లో సోఫా దొరికితే మీది, దొరక్కపోతే కార్పెట్ మీది. ఎయిర్‌సీట్ అంటే చైర్ కార్, విమానం సీటులా కొంచెం వెనక్కి వాలుతుంది. క్యాబిన్ అంటే ఫస్ట్ ఏసీ కూపే, తలుపు, మంచాలు, దుప్పట్లు, సొంత బాత్రూమ్, షవర్‌లో వేడినీళ్లు. నేను మొదటిసారి డెక్ మీద వెళ్లాను, నలభై యూరోల చిల్లర అయింది. ఎక్కడో బయట నక్షత్రాల కింద పడుకుంటానని ఊహించుకుని వెళ్లాను గానీ, గాలికి పావుగంట కూడా నిలబడలేకపోయాను. లోపల ఏసీ ఎంతలా పెట్టారంటే జూలై నెలలో జాకెట్ వేసుకుని, దాని మీద టవల్ కప్పుకుని, టీవీ మోతలో ముడుచుకుని పడుకున్నాను. నా పక్కన ఒక గ్రీకు పెద్దావిడ మాత్రం అనుభవం మీద వచ్చింది, ఇంటి నుంచి దుప్పటి, దిండు, చెప్పులు తెచ్చుకుని, సోఫా కింద చెప్పులు జోడుగా పెట్టి, ఐదు నిమిషాల్లో గురక పెట్టింది. పాతికేళ్ల లోపు వాళ్లు, స్నేహితుల గుంపు, బడ్జెట్ బిగువుగా ఉన్నవాళ్లు డెక్ మీద వెళ్లొచ్చు, ఆ ఆవిడలా వెళ్లండి.

ఎయిర్‌సీట్ నా దృష్టిలో దండగ. డెక్ కన్నా ఎక్కువ పెడతాం, నిద్ర మాత్రం అంతంతే, ఆ హాల్లో ఎవరో ఒకరు రాత్రంతా ఫోన్ చూస్తూనే ఉంటారు. ఆ డబ్బుకి ఇంకొంచెం కలిపి క్యాబిన్ తీసుకోండి. ఇద్దరి క్యాబిన్‌లో తలకి డెక్ ధరకి రెట్టింపు పైన పడొచ్చు, నలుగురి క్యాబిన్ కుటుంబమంతా పంచుకుంటే అంత బరువనిపించదు. ఒంటరిగా వెళ్లేవాళ్లు మొత్తం క్యాబిన్ కొననక్కర్లేదు, ఆడవాళ్లకి ఆడవాళ్లతో, మగవాళ్లకి మగవాళ్లతో ఒక్క బెర్త్ ఇస్తారు, ముక్కూ మొహం తెలియని మనిషి పక్కన పడుకోగలిగితే అది చవకైన బేరం. కిటికీ ఉన్న క్యాబిన్‌కి ఎక్కువ పెట్టొద్దు, బయట చీకటే. పిల్లలుంటే ఐదేళ్లలోపు వాళ్లకి సాధారణంగా ఉచితం, పదేళ్లలోపు వాళ్లకి సగం, కానీ ఉచితమైనా టికెట్ మాత్రం పేరు మీద తీయాలి.

అమ్మకి మోకాళ్ల నొప్పులు కాబట్టి క్యాబిన్ తప్ప వేరే ఆలోచన చేయలేదు. కింద మంచాలు అమ్మకీ నాన్నకీ ఇచ్చేసి మేమిద్దరం పైకెక్కాం. ఓడ కదిలిందో లేదో అమ్మకి తెలియలేదు, "ఎప్పుడు బయల్దేరుతుంది" అని అడిగేసరికి బయల్దేరి గంటైంది! దాదాపు రెండొందల మీటర్ల పొడవున్న ఓడలు అవి, కింద లారీలు, కార్లు వరసల మీద వరసలు. మామూలు గాలికి ఊగవు.

తెల్లారి ఐదు గంటలకల్లా మైకులో గ్రీకులో, ఇంగ్లీషులో మోగిస్తారు, క్యాబిన్ తలుపులు కూడా కొడతారు. నిద్ర చాలదు, అది ముందే ఒప్పుకుని వెళ్లండి. హోటల్ గది ఇచ్చేది మధ్యాహ్నం రెండింటికి, కాబట్టి ఆరు నుంచి రెండు దాకా ఏం చేస్తారనేది కూడా రేవు ఎంపికలో భాగమే. హెరాక్లియన్ రేవు ఊరినానుకునే ఉంటుంది, దూరాలకి వెళ్లే బస్సుల స్టేషన్ పక్కనే, నడిచి పదిహేను ఇరవై నిమిషాల్లో సింహాల ఫౌంటెన్ ఉన్న కూడలికి వెళ్లొచ్చు. అక్కడ బుగాత్సా అమ్మే పాత దుకాణాలున్నాయి, పల్చటి పొరల మధ్య మీగడలాంటి తీపి కస్టర్డ్, లేదంటే చీజ్. పళ్లెంలోంచి పెద్ద ముక్క తీసి, వెడల్పాటి కత్తితో టకటకా చదరాలుగా కొట్టి, పంచదార, దాల్చిన చెక్క పొడి చల్లి ఇస్తారు. నోరు కాలుతుంది, అయినా ఆగలేం. నోసోస్ అక్కడికి ఐదు కిలోమీటర్లే, ఎండ ముదరకముందే వెళ్లి రావొచ్చు, ఆ టైముకి టూరిస్టు బస్సులు ఇంకా రావు. హానియా ఓడ మాత్రం హానియాలో ఆగదు, ఆరేడు కిలోమీటర్ల అవతల సూదా రేవులో ఆగుతుంది. భయపడకండి, ఓడ వచ్చే వేళకి సిటీ బస్సు అక్కడే ఉంటుంది, పాత ఊరికి వెళ్తే ఆ పొద్దుటి వెలుతురులో రేవు దాదాపు ఖాళీగా ఉంటుంది. ఫోటోలకి అంతకన్నా మంచి గంట రోజు మొత్తంలో దొరకదు.

గ్రీసులోనే ఉన్న శాంటోరిని ద్వీపం కూడా చూసి అక్కణ్ణించి క్రీట్ వెళ్దాం అనుకునేవాళ్లు ఎక్కువైపోయారు. వేసవిలో హెరాక్లియన్‌కి స్పీడ్ ఫెర్రీ రెండు గంటల్లో తీసుకెళ్తుంది. ఫ్లైటైతే ఏథెన్స్ మీద చుట్టు తిరిగి వెళ్లాల్సి వస్తుంది కాబట్టి ఫెర్రీదే పైచేయి. కానీ మూడు విషయాలు తెలుసుకుని కొనండి. ఆ రెండు గంటల టికెట్ ధర పిరేయస్ నుంచి రాత్రంతా తీసుకొచ్చే డెక్ టికెట్ కన్నా చాలాసార్లు ఎక్కువే. నవంబర్ నుంచి మార్చి దాకా అవి దాదాపు తిరగవు, చలికాలంలో శాంటోరిని-క్రీట్ ప్లాన్ వేసుకుని తర్వాత తల పట్టుకునేవాళ్లని చూశాను. మూడోది గాలి. జూలై, ఆగస్టుల్లో ఉత్తరం నుంచి మెల్తెమి అనే గాలి రోజుల తరబడి వీస్తుంది, ఆకాశం చూస్తే నీలంగా నిర్మలంగా ఉంటుంది, సముద్రం మాత్రం తెల్లగా నురగలు కక్కుతుంటుంది. తేలికపాటి కాటమరాన్లు (ఈ స్పీడ్ ఫెర్రీలే) అలల మీద ఎగిరి ఎగిరి పడతాయి, బయటికి వెళ్లి నిలబడే డెక్ కూడా సరిగా ఉండదు, కడుపులో తిప్పే అలవాటున్నవాళ్లకి ఆ రెండు గంటలు రెండు రోజుల్లా ఉంటాయి. వెనక వైపు, కింది అంతస్తులో, మధ్య వరసలో కూర్చోండి, ఎక్కేముందే మాత్ర వేసుకోండి, తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే లాభం లేదు.

గాలి మరీ ఎక్కువైతే రేవు అధికారులు ఓడల్ని కదలనివ్వరు. దాన్ని అక్కడ అపగోరెఫ్తికో అంటారు, ముందు స్పీడ్ ఫెర్రీలు ఆగుతాయి, పెద్ద ఓడలు ఇంకా చాలాసేపు నడుస్తాయి. కౌంటర్ దగ్గర టూరిస్టులు గొడవ పెట్టుకుంటుంటే గ్రీకులు మాత్రం కాఫీ తాగుతూ కూర్చుంటారు, దానికి కారణం ఉంది. 1966 డిసెంబర్ 8న ఇదే సూదా నుంచి పిరేయస్ వెళ్తున్న హెరాక్లియన్ అనే ఓడ తుఫానులో మునిగింది, లోపల సరిగా కట్టని లారీ ఒకటి జారి ఓడ తలుపుని గుద్ది తెరిచేసింది, రెండొందల మందికి పైగా పోయారు. ఆ తర్వాతి ఏడాది హానియా జనం తలా కొంత వాటా వేసుకుని సొంతంగా పెట్టుకున్న ఓడల కంపెనీయే ఆనెక్. మినోవన్ లైన్స్ 1972లో హెరాక్లియన్‌లో అలాగే పుట్టింది. ఇప్పుడు ఆనెక్, బ్లూ స్టార్ అనే ఇంకో ఓడల కంపెనీ ఒకే గొడుగు కింద ఉన్నాయి, మినోవన్ ఇటలీ వాళ్ల చేతిలో ఉంది. క్యాబిన్ల శుభ్రతలో, భోజనంలో ఈ కంపెనీల మధ్య పెద్ద తేడా నాకు కనబడలేదు, టైము ఏది కుదిరితే అది ఎక్కండి.

ఓడ రద్దయితే డబ్బు వాపసు గానీ ఇంకో ఓడలో చోటు గానీ మీ హక్కు, బయల్దేరడం తొంభై నిమిషాలు దాటి ఆలస్యమైనా అంతే, ఇది యూరోపియన్ యూనియన్ 1177/2010 నిబంధనలో ఉంది. తొమ్మిది గంటల ప్రయాణం మూడు గంటలు ఆలస్యంగా చేరితే టికెట్‌లో పాతిక శాతం అడగొచ్చు. వాతావరణం వల్ల అయితే ఆ పరిహారం రాదు. అందుకే నేను గట్టిగా చెప్పేది ఒకటే, ఇంటికి వెళ్లే అంతర్జాతీయ విమానం ఉన్న రోజు పొద్దున్నే ఏథెన్స్ చేరేలా ఓడ పెట్టుకోకండి. ఒక రోజు ముందే వచ్చేయండి. ఆ రోజు ఏథెన్స్‌లో ఖాళీగా కూర్చున్నా నష్టం లేదు, హైదరాబాద్ టికెట్ పోతే ఆ నష్టం ఓడ వాళ్లు కట్టరు.

కారు సంగతి. ఏథెన్స్‌లో అద్దెకి తీసుకుని ఓడలో ఎక్కించే ఆలోచన మానుకోండి. చాలా అద్దె కంపెనీలు రాతపూర్వక అనుమతి లేనిదే ఒప్పుకోవు, ఓడలో ఏమైనా అయితే బీమా వర్తించకపోవచ్చు, పైగా కారుకి విడిగా టికెట్. క్రీట్‌లో దిగాక తీసుకోండి, ఒక ఊళ్లో తీసుకుని ఇంకో ఊళ్లో వదిలే వీలు అడగండి. ఇండియా లైసెన్స్ మీద నడిపేవాళ్లు బయల్దేరేముందే ఆర్‌టీఓ నుంచి అంతర్జాతీయ పర్మిట్ తెచ్చుకోవాలి, నా స్నేహితుడు ఒకడు అది లేకుండా వచ్చి కౌంటర్‌లో బతిమాలి బతిమాలి చివరికి బస్సెక్కాడు. యూరప్‌లో ఉండి సొంత కారుతో వచ్చేవాళ్లకి ఒక మాట: డ్రైవర్ ఒక్కడే కారుతో లోపలికి వెళ్లాల్సి రావొచ్చు, మిగతావాళ్లు నడిచి ఎస్కలేటర్ మీద ఎక్కాలి, ఓడ కదిలాక కారు దగ్గరికి వెళ్లనివ్వరు. మందులు, ఛార్జర్, పిల్లల బట్టలు చేతి సంచిలోనే పెట్టుకోండి.

ఇంకో రెండు దారులున్నాయి, ఎక్కువమందికి పనికిరావు. గ్రీసు దక్షిణ భాగమైన పెలొపొనీస్ తిరుగుతున్నవాళ్లు గిథియో రేవు నుంచి కిథీరా ద్వీపం మీదుగా క్రీట్ పడమటి చివర ఉన్న కిస్సామోస్‌కి వెళ్లొచ్చు. రోడ్స్ ద్వీపం నుంచి వచ్చేవాళ్లకి కార్పథోస్, కాసోస్ ద్వీపాల మీదుగా క్రీట్ తూర్పున ఉన్న సితియా దారి ఉంది. రెండూ వారానికి కొద్ది రోజులే, ముందు ఓడ తేదీ చూసి తర్వాత సెలవు పెట్టుకునేవాళ్లకే.

ఎప్పుడు బుక్ చేయాలంటే, ఆగస్టు 15 మేరీమాత పండగ, దాని ముందూ వెనకా వారం గ్రీసు మొత్తం సొంతూళ్లకి కదులుతుంది, మన సంక్రాంతే అనుకోండి. క్యాబిన్లు నెలల ముందే అయిపోతాయి. వాళ్ల ఈస్టర్ కూడా అంతే, 2027లో మే 2న వస్తుంది. మే 1న నావికుల సమ్మె ఉండటం మామూలే, ఆ రోజు ప్రయాణం పెట్టుకోకండి. మిగతా రోజుల్లో డెక్ టికెట్ వారం ముందు కూడా దొరుకుతుంది, క్యాబిన్‌కి మాత్రం అంత ధీమా వద్దు.

తిండికి ఇబ్బంది లేదు, శాకాహారులకి కూడా. పాలకూర పై, చీజ్ పై, సలాడ్, బంగాళాదుంప వేపుళ్లు ఎప్పుడూ ఉంటాయి. "నిస్తీసిమో" అనే మాట నేర్చుకోండి, వాళ్ల ఉపవాసపు తిండి అని అర్థం, మాంసం, పాలు, గుడ్లు ఉండవు. అమ్మ పులిహోర డబ్బాతో ఎక్కింది, ఓడ తిండి ముట్టనని ముందే చెప్పింది. నేను నిస్తీసిమో అని అడిగితే క్యాంటీన్ అతను టమాటా గుజ్జులో ఉడికించిన పెద్ద పెద్ద గింజల కూర వడ్డించాడు. అమ్మ కాసేపు దాన్ని చూసి, ఒక గింజ తీసి నలిపి, "చిక్కుడు గింజల కూరే కదరా ఇది, కారం వేయడం మరిచిపోయాడు" అని పులిహోరలో నంజుకుని తినేసింది.